చిలక మెడ

నీలం గీత పదమూడు శాతం దగ్గర ఆగి మళ్ళీ కదిలింది. తిరుమలరావు ఊపిరి కూడా దాంతోపాటే ఆగి దాంతోపాటే కదిలింది. పదీ పది. భార్య హిమబిందు ఇల్లు దాటి ఇరవై నిమిషాలు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఒక్కర్తీ వెళ్ళింది, గాజువాక సెంటర్లో బస్సెక్కి, గురుద్వారా దగ్గర దిగి, సీతమ్మధారలో చేతికి వ్యాయామం చేయించే డాక్టరమ్మ దగ్గరికి. ప్రతి శుక్రవారం స్కూటరు మీద వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఇవాళ పొద్దున్న స్కూటరు తాళం చేతిలోకి తీసుకోబోతే ఆవిడ గుమ్మంలో చెప్పులేసుకుంటూ, ఇతని మొహం చూడకుండా, "నువ్వు రావద్దు మావా. నాను ఎల్తాను. నానొచ్చేలోగా నువ్వది పెట్టీ," అంది. అది అంటే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు, కొత్తది. నాలుగు నెలలుగా అడుగుతోంది, నాలుగు నెలలుగా చూద్దాంలే అంటున్నాడు. ఇవాళ అడగలేదు, పని పురమాయించింది. మూడు మిస్డ్ కాల్స్ ఒప్పందం. బస్సెక్కాక ఒకటి, ఎన్ఏడీ కూడలి దాటాక ఒకటి, డాక్టరమ్మ గుమ్మం ఎక్కాక ఒకటి. ఎత్తకూడదు. ఎత్తితే నెట్టు తెగుతుంది, కంప్యూటరుకి నెట్టు వస్తున్నది ఇతని పాత ఫోన్లోంచే. మొదటిది వచ్చేసింది. అది మోగిన రెండు క్షణాలూ నీలం గీత కూడా చెవి రిక్కించినట్టు ఆగింది, పదమూడు దగ్గర, ఆ తరవాత ఏమీ ఎరగనట్టు కదిలిపోయింది. ఫోను ఒకటే, గాలిలోంచి సాఫ్ట్‌వేరునీ అదే తేవాలి, బస్సులోంచి బిందు క్షేమాన్నీ అదే తేవాలి, పాపం దానికి మాత్రం ఎన్ని చేతులు.

చేతులు. ఆడవాళ్ళ ఉచిత టికెట్టు కోసం ఆధార్ కార్డు చూపించాలి, ఆ కార్డు పర్సులో జిప్పు వెనకాల ఉంటుంది, ఆ జిప్పు కుడి చేత్తో లాగాలి. బస్సు కదిలేటప్పుడు కడ్డీ పట్టుకోవాలి. కార్డు తీస్తే కడ్డీ ఎవరు పట్టుకుంటారు. కార్డు విడిగా జాకెట్లో పెట్టుకోమని చెప్పాల్సింది. చెబితే నవ్వేది, నాకా తెలివి నేదనుకున్నావా అని. ఇతను లేచి ముందుగదిలో మిషను మీద కప్పిన పాత చీర ముక్క సరిచేశాడు. సరిగానే ఉంది, అయినా సరిచేశాడు. ఈ ఊళ్ళో తెల్లారి తుడిస్తే మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు, అంత నల్ల దుమ్ము. అందుకే ఆ చీర ముక్క, ఆవిడ పెళ్ళినాటి నేత చీర, చివర్లు చిరిగినా అంచు ఇంకా మెరుస్తుంది. కింద మిషను, కంప్యూటర్ ఎంబ్రాయిడరీది, పన్నెండేళ్ళ పాతది. జాకెట్ల వీపు మీద నెమళ్ళూ, చేతుల మీద తీగలూ, కంప్యూటర్లో గీసిన బొమ్మని వైరు గుండా తెచ్చుకుని దారంతో కుట్టి పెడుతుంది. ఆ వైరు గుండా బొమ్మని పంపే ప్రోగ్రాము మిషను వయసుదే. అది ఈ కంప్యూటరుని నడిపే పాత లినక్సు మీద తప్ప ఇంకెక్కడా నడవదు. కింద ఏది కదిపినా అది నోరు మూసుకుంటుంది, అది నోరు మూసుకుంటే మిషను ఇనప ముద్ద, గుమ్మం మీద ఆవిడ పేరుతో వేలాడుతున్న బోర్డు ఉత్త రేకు. అలాగని ఏదీ కదపకపోతే? కదపకపోతే ఏమవుతుందో ఇన్నాళ్ళూ ఇతను ఆలోచించలేదు. ఏమీ కాదనుకున్నాడు.

ఏమీ కాకపోవడమే ఇతనికి తెలిసిన సుఖం. స్టీల్ ప్లాంటులో బొగ్గు మగ్గించే కోక్ ఓవెన్ల దగ్గర ఫిట్టరు, కాంట్రాక్టు కిందే అయినా పంతొమ్మిదేళ్ళు. అక్కడ ఓవెన్ల వరసని ఒకసారి వెలిగిస్తే మళ్ళీ చల్లారనివ్వరు, చల్లారితే లోపలి ఇటుక పగులుతుంది. ఇరవై ఏళ్ళైనా ముప్పై ఏళ్ళైనా అలా మండుతూ ఉండాల్సిందే, పాడైతే ఆ వేడి మీదే మరమ్మతు, మొహానికి తడిగుడ్డ కట్టుకుని. ఆరిపోనివ్వకుండా చూసుకోవడమే అక్కడ పనితనం. ఆటోనగర్లో కంప్యూటర్లు బాగుచేసే గవర్రాజు, ఇతనికి మేనత్త కొడుకు, ఏదో మూతపడ్డ ఆఫీసు కంప్యూటరుని కొత్త పార్టులేసి తెచ్చిన రోజున చెప్పిన మాట అందుకే సూటిగా మనసుకెక్కింది. "లినక్సు పెడతన్నాను బావ. అందులోనూ నిలకడగా ఉండే రకం. ఆళ్ళు రెండేళ్ళు కూకుని పరీచ్చ సేసి, మొత్తం ఒక కట్ట కట్టి వదుల్తారు. మజ్జిలో సిల్లులు పడితే పూడుత్తారు గానీ కొత్తది సేర్చరు. పాతగా ఉంటాది. గానీ పడిపోదు." పాతగా ఉంటే ఏటి, పడిపోదు కదా అని ఇతను సంబరపడ్డాడు. బిందు మాత్రం తెర మీద బొమ్మలు చూసి, "మా మేనమావ పెళ్ళి శుభలేకలాగ ఉన్నాయి," అంది. గవర్రాజు టీ పొలమారి దగ్గాడు.

పంతొమ్మిది. ఇరవై రెండు. ముప్పై ఒకటికి ఒక్క దూకు. ఇలా దూకినప్పుడే ఇతనికి భయం, అప్పుడూ ఇలాగే దూకింది. నాలుగేళ్ళ కిందటి శ్రావణం. అప్పుడూ ఆవిడే అడిగింది, కొత్త రంగులు కావాలని, ఏదో వీడియోలో చూసి. ఇతను మగాడిలా, గవర్రాజుని అడగకుండా, ఆ వీడియో కింద ఎవరో రాసినట్టే చేశాడు. నిలకడ రకం సరుకు ఎక్కడ్నించి తెచ్చుకోవాలో రాసి ఉండే ఫైలొకటి ఉంటుంది, అందులో ఒక్క లైను చేర్చాడు, కొత్త రకం సరుకు దొరికే చోటు. ఒకే ఒక్క ప్రోగ్రాము కోసం ఒకే ఒక్క లైను. ఆ ప్రోగ్రాము ఊరికే రాలేదు, తనకి కొత్త చెప్పులు కావాలంది, చెప్పులకి కొత్త చాప కావాలంది, చాపకి కొత్త గచ్చు. వరసగా వందో రెండొందలో పేర్లు తెర మీద పరిగెడుతుంటే ఎంత పని జరుగుతోందో అని మురిసిపోయాడు కూడా. అంతా అయ్యాక తెర నల్లబడింది. నల్లటి తెర మీద మూల ఒక తెల్ల గీత ఆరుతూ వెలుగుతూ. గవర్రాజు మర్నాడొచ్చి చూసి, నెత్తి కొట్టుకోలేదు, తిట్టలేదు, నేల మీద చతికిలబడి, "పునాదిలో కొత్త ఇటుక దోపావు బావ," అన్నాడు. మిషను పదకొండు రోజులు మూగబోయింది. అయిదు పెళ్ళిళ్ళ జాకెట్లు. బిందు అటక మీంచి చెక్క చట్రం దింపింది, సూది తీసింది, వీధరుగు మీద వెలుతురుకి కూర్చుంది. పొద్దున్నించి దీపాల వేళదాకా చేత్తో కుట్టింది, పదకొండు రోజులు, తొమ్మిది జాకెట్లు. చూపుడు వేలి మీద చర్మం లేచిపోతే ప్లాస్టరు చుట్టుకుని కుట్టింది. ఆ వేలే. ఆ చెయ్యే.

కాదు, డాక్టరు కాదన్నాడు. తల్లో చిన్న నరం తాలూకు సంగతి, చేతి పనికీ దీనికీ సంబంధం లేదు, సమయానికి తెచ్చారు గనక బయటపడింది అని. ఇతను బుర్ర ఊపాడు. రెండుసార్లు అడిగి రెండుసార్లు బుర్ర ఊపాడు. కానీ ఎనిమిది నెలల కిందట ఆ ఉదయం, టీ గ్లాసు ఆవిడ చేతిలోంచి జారి, అది జారినట్టు ఆవిడకే తెలియకుండా ఇంకా గాల్లో పట్టుకున్నట్టే వేళ్ళు పెట్టుకుని ఇతని వైపు చూసినప్పుడు, ఇతనికి ముందు కనిపించింది ఆ నల్ల తెరే. ఏదో ఒక లైను నేనే ఎక్కడో చేర్చాను అనిపించింది. చెయ్యి తిరిగొచ్చింది, కంచం ఎత్తుతుంది, జడ వేసుకుంటుంది. వణుకు మాత్రం ఉండిపోయింది. అప్పట్నించి ఇంట్లో ఏదీ కదపనివ్వలేదు ఇతను. మంచం దిక్కు మార్చనివ్వలేదు. పోపుడబ్బాలో గిన్నెల వరస మారనివ్వలేదు. నువ్వు పడుకో, నువ్వు లేవకు, నేనున్నాను. పాత డిజైన్లే అయిదొందలున్నాయి, అవే కుట్టు, కొత్తవి గీయడం ఎందుకు. కంప్యూటర్లోకి గీత గీయడానికి వాడే నల్ల పలకా పెన్నూ బీరువా మీద పెట్టించాడు. ఆవిడ సరే అంది. సరే అన్న మనిషి మూడు నెలలు గడిచాక, "కొత్తదాన్లో గీత బాగొస్తాదంట మావా," అంది. ఇతను అన్నం కలుపుతూ, ఉన్నదానికేటి అన్నాడు. ఇంకోసారి అంది. శ్రావణం గుర్తుందా అన్నాడు. ఆ మాట తరవాత చాలా రోజులు అనలేదు.

ఫోను రెండుసార్లు మోగి ఆగింది. యాభై నాలుగు దగ్గర గీత నిలబడింది, తల వంచి దండం పెట్టినట్టు, మళ్ళీ నడిచింది. ఎన్ఏడీ దాటింది. అంటే సీటు దొరికి ఉంటుంది, నిలబడి ఫోను తీయలేదు కదా. లేక ఎవరిచేతైనా చేయించిందేమో. ఆవిడ అడగదు. అక్కడ్నించి మర్రిపాలెం, కంచరపాలెం, తాటిచెట్లపాలెం. తాటిచెట్లపాలెం దగ్గర డ్రైవర్లు ఒక తొక్కు తొక్కుతారు. ఒద్దు, ఆ సంగతి ఒద్దు, ఈ సంగతి చూడు. నిన్న బిందే అడిగితే గవర్రాజు చెప్పింది వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. "కిందది ముట్టుకోకు బావ. ఆ ఫైలు తెరవనే తెరవకు. పైన కావలసిన ఒక్కదాన్నీ, దాని సామాను దానితోనే మూట కట్టి ఇస్తన్నారిప్పుడు. దాన్ని విడిగా దింపు. అది దాని మూటలోదే తింటాది, ఇంట్లో గిన్నెలు ముట్టుకోదు. నచ్చకపోతే మూటతో సహా బయటికి ఇసిరీ." ఇతనికి వెంటనే అమ్మ గుర్తొచ్చింది, గజపతినగరం దగ్గర వాళ్ళ పల్లెలో దొడ్లో అమ్మ పుదీనాని ఎప్పుడూ నేలలో పెట్టేది కాదు. నేలలో పెడితే మట్టి కింద వేళ్ళు పాకించి తోటకూర మడిలో తేలుతుంది, అక్కడ పీకితే వంగ మొక్కల్లో తేలుతుంది. అడుగు చిట్లిన కుండ తెచ్చి, అందులో వేరే మట్టి పోసి, నూతి గట్టు మీద పెట్టేది. కావలసినప్పుడు నాలుగు రెబ్బలు గిల్లుకునేది. దొడ్డి దొడ్డిలానే ఉండేది, పచ్చడి పచ్చడిలానే ఉండేది. ఇంత చిన్న సంగతి నాలుగేళ్ళ కిందట ఎందుకు తోచలేదు. తోచలేదు అనడం కన్నా, నాలుగు నెలల కిందట గవర్రాజుని ఒక్క మాట ఎందుకు అడగలేదు. అడిగితే కుదురుతుందని చెబుతాడేమోనని.

"కాపీ తీసుకో ముందు," అని కూడా అన్నాడు గవర్రాజు, అది మర్చేపోయాడు. దింపేటప్పుడు ఏం కాదులే, పెట్టేటప్పుడు కదా. పెన్‌డ్రైవు గుచ్చి, ఆవిడ డిజైన్ల ఫోల్డరు తెరిచాడు. జాకెట్లు, లంగాలు, చీర అంచులు, వాటి కింద ఎప్పుడూ చూడనిది ఒకటి, చిలక అని పేరు. లోపల నలభై ఒక్క బొమ్మలు. చిలక ఒకటి, చిలక రెండు, చిలక మూడు. ఏదో ఆర్డరు కాబోలనుకుని మొదటిది నొక్కాడు. తెర మీద పరుచుకున్నది చిలకో కాదో తెలియలేదు, ఎగుడుదిగుడు గీత, ప్లాంటులో మీటరు కాగితం మీద ముల్లు గీసే గీతలా. రెండోదీ అంతే. ఏడోదానికి ముక్కు తెలిసింది. తేదీలు చూశాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో వారం నుంచి మొదలు. టైములు చూశాడు. మూడుంపావు, నాలుగు, నాలుగున్నర. అన్నీ ఇతను మధ్యాహ్నం డ్యూటీలో ఉన్న రోజులే. పడుకో అని దుప్పటి కప్పి వెళ్ళిన రోజులు. అంటే ఇతను గేటు దాటగానే లేచి, స్టూలేసుకుని బీరువా మీంచి పలక దింపి, ఆ స్టూలు ఎలా ఎక్కింది తల్లీ, గీసి, గీసి, మళ్ళీ పలక మీద దుమ్ము కూడా చెరగకుండా పెట్టి, ఇతను వచ్చేసరికి పడుకున్నట్టు పడుకుని. పద్దెనిమిది. ఇరవై ఆరు. ఒక్కోదానికీ మెడ దగ్గరే చెయ్యి తప్పుతోంది. చిలకకి మెడ వంపు ఒక్క లాగులో రావాలని ఎప్పుడూ అనేది, చెయ్యి ఆగితే చిలక కాకి అయిపోద్ది అని. కొత్తదాన్లో గీత బాగొస్తాదంట. దాని అర్థం ఇప్పుడు, పదీ నలభై ఆరుకి, ఇతని ఛాతీలోకి దిగింది. కొత్త సాఫ్ట్‌వేరులో ఒక మీట ఉందట, వణుకు సర్దేది. చెయ్యి ఎలా వణికినా అది గీతని కాస్త నిదానించి, కుదురు చేసి పెడుతుందట. నిన్న గవర్రాజే మాటల్లో చెప్పాడు, ఇతను వింటూ కూడా వినలేదు. ఆవిడ అడిగింది కొత్తది కాదు. ఆవిడ పాత చేతినే ఆవిడ అడిగింది. కొత్తదాన్లో ఉందంటే అక్కడికెళ్ళి తెచ్చుకుందామంది. నాకు వణుకుతోంది మావా అని ఎందుకు చెప్పలేదు. ఎలా చెబుతుంది, చెబితే పలకని బీరువా మీంచి తీసి అటక మీద పెట్టేవాడు.

నూరు. గీత నిండిపోయి మాయమైంది. ఇతను వెంటనే నొక్కలేదు. అరచెయ్యి లుంగీకి తుడుచుకుని, అప్పుడు నొక్కాడు. పేర్లు పరిగెడతాయని, చెప్పులూ చాపా గచ్చూ అడుగుతుందని, కంటి చివరతో ఆ నల్లదనం కోసం కాచుకుని కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. దాని మూట అది విప్పుకుంది, అంతే. పాత శుభలేఖలాంటి తెర మీద ఒక్క మూల కొత్త బొమ్మ వెలిసింది. తెరిచాడు, తెరుచుకుంది. కుడి పక్కన ఉంది ఆ మీట, కింది నుంచి పైకి జరిపేది, అడుగున ఉంది. వేలు దాని మీదికి పోయింది. పైదాకా జరిపేస్తే గీత నున్నగా వస్తుంది, ఆవిడొచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. వేలు వెనక్కి తీసుకున్నాడు. ముందు కిందది బతికుందో లేదో చూడాలి. మిషను మీంచి చీర ముక్క తీసి, ఫ్రేములో తెల్ల గుడ్డ బిగించి, పాత ప్రోగ్రాము తెరిచాడు. ఏ బొమ్మ పంపాలి? అయిదొందలున్నాయి. చెయ్యి నలభై ఒకటో చిలక దగ్గరికి పోయింది. మొన్న బుధవారానిది. పంపాడు. వైరు వెనక మిషను గొంతు సవరించుకుంది, సూది లేచింది, దిగింది. టకటకటక. బతికే ఉంది. సూదికి తెలియదు కదా ఏది వణుకో ఏది వంపో, ఆవిడ చెయ్యి ఎటు పోతే అటు పోయింది, ఆగిన చోట ఆగింది, ఉలిక్కిపడ్డ చోట ఉలిక్కిపడింది. ఒక్క కుట్టు దిద్దలేదు. తోక అయింది, రెక్క అయింది. ఇతను వంగి చూస్తుండగా మెడ మొదలైంది. సన్నటి ఎగుళ్ళూ దిగుళ్ళూ దారంలోకి వచ్చేసరికి, వానలో తడిసిన చిలక ఈకలు రేపుకుని దులపరించుకున్నట్టు కనిపించింది. బాగుందా? బాగుందో లేదో ఇతనికి తెలియదు, తెలిసిన మనిషి బస్సులో ఉంది.

బస్సులో ఏటి, ఈపాటికి దిగి ఉండాలి. పదకొండూ అయిదు. మూడోది రాలేదు. ఒకవేళ ఇతను నొక్కే టైములో సిగ్నలు పోయి కాల్ రాలేదేమో. ఫోను తీసి చూశాడు, ఏమీ లేదు. తాటిచెట్లపాలెం. కడ్డీ. పదకొండూ ఏడు. లుంగీ మార్చి ప్యాంటేసుకున్నాడు, చొక్కా తొడిగాడు, గుండీ ఒకటి దాటించి పెట్టుకుంటూనే మేకు మీంచి స్కూటరు తాళం తీశాడు. ఇక్కడ్నించి తొక్కితే ముప్పావుగంట. గుమ్మం దాటుతుంటే మోగింది. ఒకటి, రెండు. ఆగలేదు. మూడు. మిస్డ్ కాల్ కాదు ఇది. నాలుగో మోతకి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మావా."

"ఎక్కడున్నావు? ఏటయింది?"

"ఏటవుద్ది. గురుద్వారా దాటిపోనాను. కిటికీ పక్క సీటు దొరికింది, సూస్తా సూస్తా కూకుండిపోనాను. ఎనక్కి నడిసొచ్చాను. నువ్వు కంగారు పడిపోతావని మిస్డ్ కాల్ కాకుండా సేసాను." ఆవిడ గొంతులో ఆయాసం ఉంది, అది నడక ఆయాసం, ఇతనికి ఆ తేడా తెలుసు. "ఆ సప్పుడేటి? మిసనుదా? ఏటి సేత్తన్నావ్?"

"నీ సిలకని కుడతన్నాను."

అవతల రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఎవరో ఎవరినో జరగమంటున్నారు.

"ఏ సిలకని?"

"నలభై ఒకటోది."

"సూసీసావన్న మాట. దాని మెడ బాగునేదు."

"నాకు బాగుంది."

"నీకేటి తెలుసు. దారం ఏ రంగెట్టావు?"

"పచ్చ."

"ఏ పచ్చ? ముదురుదా? సిలక్కెవరైనా ముదురు పచ్చెడతారేటి. పక్కనే లేతది ఉంది కదా, కళ్ళెదురుగా." కోప్పడింది చిలక మీదో ఇతని మీదో తెలియలేదు, అంతలోనే గొంతు తగ్గించింది. "అది పెట్టీసావా?"

"పెట్టీసాను. కిందదీ బతికే ఉంది. రెండూ ఉన్నాయి."

"వణుకు సర్దే మీట ఎంతకెట్టావు?"

"నాను ముట్టుకోలేదు. అడుగునే ఉంది. నువ్వొచ్చి ఎంత కావాలో అంత ఎట్టుకో."

ఊఁ అంది. ఆ ఊఁలో ఏముందో పట్టుకోవాలని ఫోను చెవికి ఇంకాస్త నొక్కాడు.

"పైదాకా ఎట్టను," అంది ఆవిడ. "మరీ నున్నగా ఉంటే ఇంకెవరో గీసినట్టుంటాది. సగం సాలు. డాక్టరమ్మ పిలుస్తంది, ఎల్తన్నాను."

"అయినాక తీసుకురావడానికి రానా?"

"ఎందుకు, బస్సులు నేవా? నువ్వన్నం తినీసి డూటీకెల్లు. నాకు గిన్నెలో ఉంచు." పెట్టేసింది.

వెనక టకటక ఆగింది. చిలక అయిపోయింది. తిరుమలరావు ఫ్రేము విప్పలేదు, ముదురు పచ్చ దారం కండె మాత్రం తీసి పక్కన పెట్టి, పక్కనున్న లేత పచ్చది వెలుతురులో పట్టుకుని చూశాడు. అవును, కళ్ళెదురుగానే ఉంది. బీరువా మీంచి నల్ల పలక దింపి, తుడిచి, తెర ముందు ఆవిడ చేతికందేట్టు పెట్టాడు. స్కూటరు తాళం మళ్ళీ మేకుకి తగిలించాడు. గుండీ దాటిపోయిన చొక్కా మాత్రం విప్పలేదు. రెండింటికి డ్యూటీ ఉంది కదా, ఇప్పుడు విప్పి మళ్ళీ తొడుక్కోవడం దండగ అని తనకి తానే చెప్పుకుని, టైము చూశాడు. పదకొండూ పదహారు.